దీవెన కోసం మాత్ర మానేశాను

ఒక కస్టమరు జాకెట్టు చేతిని మూతి మూసి కుట్టేసిన రోజు నాకు మొదటిసారి భయమేసింది. కోయిలకుంట్లలో మా ఇంటి వసారాలోనే నా టైలరింగు. చేతి అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టినట్టు గుర్తుంది. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు. తెలివొచ్చి చూసుకుంటే మిషను ఆగి ఉంది, జాకెట్టు చెయ్యి సంచిలా మూసుకుపోయి ఉంది, నా నోటి నుంచి చొంగ కారుతోంది. కడుపులోంచి ఎగదన్నే ఆ సంతోషం మాత్రం ఇంకా కొంచెం మిగిలి ఉంది.

ఆ సంతోషం నాకు కొత్త కాదు. కొన్ని నెలలుగా చర్చిలో వస్తూనే ఉంది. పాటలు జోరందుకునేసరికి ఏదో కాలిన వాసన తగిలేది, పొట్టలోంచి ఒక పొంగు లేచేది, అంతా ముందే చూసినట్టుండేది. తర్వాత సంగతి పక్కవాళ్లు చెబితేనే తెలిసేది. ఎవరికీ అర్థం కాని మాటలు మాట్లాడుతున్నానట. అన్యభాషల వరం వచ్చిందన్నారు. పాస్టరమ్మ నన్ను ముందు చాప మీదికి పిలిచింది. ఆడవాళ్లు వచ్చి నా చేత తల మీద చెయ్యి పెట్టించుకునేవాళ్లు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వెనక చాప మీద కూర్చున్నదాన్ని. ఆ మర్యాద నాకెంత నచ్చిందో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆరాధనలో వచ్చే దేవుడికి జాకెట్టు చేతితో ఏం పనని ఎవరైనా అడుగుతారేమోనని, ఆ సంగతి మా ఆయన ఆనందుకు కూడా చెప్పలేదు. కుట్లు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చేశాను.

కొన్నాళ్లకు బనగానపల్లె రోడ్డు మీద, ఆనందు ఆటోలోనే నాకు పెద్ద ఫిట్స్ వచ్చింది. నాలుక కొరుక్కున్నాను. దారిన పోయేవాళ్లెవరో ఆటో తాళాలు తీసి నా చేతిలో కుక్కారట. ఆ ఆదివారం చర్చిలో, వరమన్న నోళ్లే "దయ్యం పట్టుండాది" అన్నాయి. ఆనందు వాళ్లతో వాదించలేదు. మరుసటి రోజే నన్ను కర్నూలు తీసుకుపోయాడు.

ఈఈజీ తీశారు, ఎమ్మారై తీశారు. న్యూరాలజీ డాక్టరమ్మ "వచ్చినప్పుడు తీసిన వీడియో ఏమైనా ఉందా?" అని అడిగింది. ఆనందు ఫోనంతా వెతికాడు. దొరికింది ఒక్కటే. చర్చి వాట్సాప్ గ్రూపులో యూత్ వాళ్లు పెట్టింది, దాని కింద అందరూ పెట్టిన పూలూ దండాలూ. కంగారులో సౌండు తగ్గించకుండా పెట్టేశాడు. తలుపు దగ్గర నిలబడ్డ పేషెంట్లు కూడా తొంగి చూశారు. నన్ను నేను అలా చూసుకోవడం అదే మొదలు.

"చూడమ్మా, పెదాలు చప్పరిస్తున్నావు. కుడి చేత్తో కొంగు నలుపుతున్నావు. ఎడమ చెయ్యి బిగుసుకుపోయింది. ఇది ఫోకల్ సీజర్, అంటే మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్. టెంపొరల్ లోబ్ నుంచి వస్తోంది" అంది డాక్టరమ్మ.

"ఆ సంతోషం కూడా అదేనా మేడమ్?"

"కొందరికి అలా అనిపిస్తుంది. టాబ్లెట్లకు తగ్గుతుంది."

తగ్గుతుందంటే ఎవరైనా సంతోషిస్తారు. నాకు ఏడుపొచ్చింది. జబ్బుకు భయపడి ఏడుస్తున్నాననుకొని ఆనందు నా వీపు నిమిరాడు.

మాత్రలతో మొదట్లో మత్తు, చిరాకు. అయినదానికీ కానిదానికీ ఆనందు మీద విరుచుకుపడేదాన్ని. ఫిట్స్ మాత్రం ఆగిపోయాయి. చర్చిలో పాటలు జోరందుకునేవి, నేను కళ్లు మూసుకొని ఎదురుచూసేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. ఎవరూ పొమ్మనలేదు, నేనే లేచి వెనక చాప మీదికి వెళ్లిపోయాను. దేవుడు ఇచ్చింది తీసేసుకున్నాడని రోజూ లోపల కుమిలిపోయేదాన్ని.

మా వీధిలో కరుణ అని ఒకామె ఉంది. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. సీమంతాలకు ఆమెను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. నేను ముందు చాప మీద ఉన్న రోజుల్లో ఆమెను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టాను. తర్వాత ఆమె నెల తప్పింది. ఇప్పుడు మళ్లీ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఇంగొకసారి చెయ్యి పెట్టక్కా. నాకు శానా భయంగా ఉండాది."

సరే అన్నాను. ఒట్టి చెయ్యి పెడితే ఏం లాభం అనుకున్నాను. ఆ రోజు నుంచి మాత్రలు మింగినట్టు నటించి పెరట్లో పారేశాను.

శుక్రవారం కరుణ నా ముందు మోకరించింది. చెయ్యి పెట్టాను. కాలిన వాసన వచ్చింది, వచ్చేసిందని సంబరపడ్డాను. అంతవరకే గుర్తుంది. వచ్చింది పెద్ద ఫిట్స్. నా వేళ్లు ఆమె జుట్టులో బిగుసుకుపోయి, ఇద్దరం కలిసి పడ్డామట. నా వేళ్లు విడదీయడానికి ముగ్గురు ఆడవాళ్లు కావాల్సి వచ్చిందట. ఆమెను అప్పటికప్పుడు స్కానింగుకు తీసుకెళ్లారు. బిడ్డకు ఏమీ కాలేదని కబురొచ్చేదాకా నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎవరి ముఖం చూడటానికీ ధైర్యం చాలలేదు.

మర్నాడు కరుణే మా ఇంటికి వచ్చింది. ఆమె కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"అది వరం కాదు కరుణా, జబ్బు. నిన్ను మోసం చేశాను. మాత్రలు మానేసి మరీ చేశాను."

"జబ్బని నాకు తెలుసు కదక్కా. మీరు కర్నూలు నుంచి వచ్చిన మర్నాడే మీ ఆయన చెప్పినాడు."

"తెలిసీ నా దగ్గరికి ఎందుకొచ్చినావు మరి?"

"నువ్వు ఏ బాసలో మాట్లాడితే నాకేమక్కా? నేను ఎదురొస్తే పక్కకు పోయేటోళ్లే అందరూ. నువ్వొకదానివే పిలిచి నా తల మీద చెయ్యేసినావు. ఆ చెయ్యి కోసరం వచ్చినా."

ఆ మాటతో నా సిగ్గు తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఆమె అడిగింది మాత్రలు వేసుకున్న చేతినే. ఆమెకు అక్కర్లేని దాని కోసం నేను ఆమె కడుపు మీదికి తెచ్చాను. దీవెన అంటే నాలోంచి ఏదో పొంగి రావడమనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇప్పుడు మాత్రలు మానడం లేదు. మిషను దగ్గర పని చేస్తున్నా, బావి దగ్గరికి, పొయ్యి దగ్గరికి ఒంటరిగా పోవడం మానుకున్నాను. ఈ జబ్బున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మాత్ర మీ దగ్గర ఉంటే చాలదు, వేసుకున్నావా అని రోజూ మొహమాటం లేకుండా అడిగే మనిషిని ఒకరిని పెట్టుకోండి. మీకు ఎంత సిగ్గయినా ఆ ఒక్కరికి జబ్బు సంగతి దాచకండి.

పోయిన ఆదివారం కరుణ కూతురిని చర్చిలో దేవునికి ప్రతిష్ఠించారు. పాస్టరయ్య ప్రార్థన అయ్యాక ఆమె పాపను ఎత్తుకొని నేరుగా వెనక చాప దగ్గరికి వచ్చింది. పాప నా చేతుల్లోంచి జారితే ఎలాగని నేను గోడకు ఆనుకొని, కాళ్లు చాపి కూర్చున్నాను. కరుణ వంగింది, కానీ పాపను వెంటనే ఇవ్వలేదు. అందరూ వింటుండగా గట్టిగా అడిగింది.

"పొద్దున మాత్ర ఏసుకుంటివా అక్కా?"

"ఏసుకున్నాలే, ఇయ్యి" అన్నాను.