ఢిల్లీకి ఎన్ని సద్దులు?

మద్రాసు నుంచి ఢిల్లీకి విమానంలో వెళ్లొచ్చిన కొత్త. ఆ గొప్ప ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు తిన్నది అరిగేది కాదు. కర్నూలు నుంచి కడప వెళ్లే బస్సులో, నంద్యాలలో ఎక్కిన ఒక రైతు దిగులుగా నా పక్కన కూర్చున్నాడు. కాపురానికి ఢిల్లీ వెళ్తున్న కూతురిని, అల్లుడిని అప్పుడే రైలెక్కించాడట.

ఢిల్లీ పేరు వినగానే అందుకున్నాను. "వెయ్యి మైళ్లకు పైనే ఉంటుంది. విమానంలో పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి దిగాను."

"మైళ్లు నాకేం తెలుసప్పా! దావలో ఎన్ని సద్దులు తిన్యావు?"

అక్కడివాళ్లు దూరాన్ని దారిలో పూటపూటకూ తినడానికి మూటగట్టుకున్న సద్దులతో కొలుస్తారని అప్పుడే తెలిసింది. విమానంలో పెట్టింది ఒక్కపూట భోజనమేనన్నాను.

"ఒకటేనా! బిడ్డకు ఆరు సద్దులు కట్టిచ్చినాం. బండి కట్టుకోని ఒంటిమిట్ట తేరు తిర్నాలకు పోయినా మూడు కావాల గదప్పా!" ఆయన మొహం విప్పారింది. తన మూట విప్పి, జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టాడు.

ఆయన దిగాల్సిన మైదుకూరులో భార్య ఏడ్చి వాచిన కళ్లతో ఎదురుచూస్తోంది. బస్సు ఆగకముందే ఆయన అరిచాడు. "ఏడ్వద్దు మేయ్! ఇమానంలో పోతే ఢిల్లీ ఒక్క సద్ది దూరమేనంట!"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అట్లయితే రేపు పొద్దున్నే సద్ది కడతా, పోదాం పా!"