తిప్పి చూసినా అదే డిజైన్

మొదటి లాక్‌డౌన్ల సూరత్‌ల మా డిండోలి మగ్గాలన్నీ బంద్ వడ్డయ్. మా గల్లీల చిడీచప్పుడు లేదు. మా బాపు మాత్రం ఇంక ఒర్రుకుంటనే మాట్లాడేటోడు. ముప్ఫై ఏండ్లు పవర్‌లూమ్ పక్కన నిలవడి నేసినోడాయె, "చాయ్ ఉన్నదా?" అని అడిగినా నాలుగిండ్లకు వినవడేది. "మగ్గం ఆగింది గని నీ నోరు ఆగకపాయె" అని అమ్మ నెత్తి కొట్టుకునేది.

వారం తిరిగేసరికి ఆ నోరు గూడ ఆగింది. అప్పుడు నాకు భయమైంది. ఒక పొద్దున చూస్తే సంచి సదురుకుంటున్నడు. రెండు లుంగీలు, ఒక తువాల, షుగర్ గోలీలు. "శుక్రారం నాతోని నేసే కారీగర్లు ఊరికి నడిచి పోతున్నరు. నేను గూడ పోత" అన్నడు. సూరత్ నుంచి కరీంనగర్ దిక్కు, నడిచి! కాలికి పుండైతే నెల దాక మానని మనిషి. అమ్మ ఏడ్చింది, నేను కొట్లాడిన. "ఉత్తగ కూసుంటే చేతులు గుంజుతున్నయ్ బిడ్డా. ఈడ నేనేం పనికొస్త?" అన్నడు.

నేను ఇంట్ల ఇంగ్లిష్ ట్యూషన్ చెప్పేదాన్ని. అది గూడ బందే. చీరెలు ప్యాక్ చేసేటందుకు తెచ్చిన రద్దీ పేపర్ల కట్ట ఒకటి మూలకు పడి ఉండె. అండ్ల ఇంగ్లండు పేపరు పేజీ ఒకటి దొరికింది, దాని మీద పదాల గడి. మామూలు గడి అనుకొని కూసున్న, నెత్తి ఖరాబైంది. ప్రతి ఆధారంల ఒక కొసకు అర్థం ఉంటది, ఇంకో కొసకు అక్షరాలు ఎట్ల అతకాల్నో ఉంటది. ఏ కొస ఏదో మాత్రం చెప్పరు. ఆ మాటలు గూడ ఏం మాటలో! నావికుడు అంటే టార్ అని రాయాలె. తోట పక్కన కనవడకుండ తవ్విన కందకం పేరు హాహా అంట. అబద్ధమనుకొని ఫోన్ల చూసిన, నిజమే. జిన్ను అనే సారకు తల్లి నాశనం అని ఇంకో పేరంట.

"తాగేటోడు మొగడు, నాశనం తల్లికి. సరిగ్గనే రాసిండ్రు" అన్నది అమ్మ.

వర్కర్ అని ఉంటే చీమ అని రాయాల్నని నేను చెప్తే, మూడు రోజుల్నుంచి ఉలుకూపలుకూ లేని బాపు తల లేపిండు. "పనోడంటే చీమనా? మా సంగతి ఇంగ్లండోళ్లకు ఎట్ల దెల్సిందే?"

గదే సందని పట్టుకున్న. "బాపూ, ఈ గడి నిండేదాక పోనని మాటియ్యి."

"జరంత కాయితానికి మాటేందే" అని నవ్విండు గని ఇచ్చిండు. మా బాపు మాటంటే మాటే. శుక్రారం కారీగర్లు పోతుంటే గల్లీ మలుపు దాక సాగనంపి మొఖం మాడ్చుకొని వచ్చిండు. "ఇంకో జమాతు మంగళారం పోతది. జల్ది నింపు" అన్నడు.

నింపుదామంటే ఒక మూల కుదుర్తలేదు. పేజీ కింద కుడి మూల చిరిగిపోయింది. ఆధారాలైతే అన్నీ ఉన్నయ్, గడులే లేవు. నేను వేరే కాయితం మీద అంతా ఎక్కిచ్చి, ఆ మూలకు నలుపు గడులు అందాజుగ గీసిన. ఎనిమిది అక్షరాల మాటకు ఏడు గడులే వస్తున్నయ్. రెండు రోజులు అట్లనే. నాకు సగం ఏడుపు, సగం సంబురం.

మూడో రోజు బాపు ఆ కాయితం గుంజుకున్నడు. ఇంగ్లిష్ అక్షరం ముక్క రాదు. తలకిందులు తిప్పిండు, మళ్ల తిప్పిండు. "గీ మూల గీసిందెవరు?"

"నేనే."

"తప్పు గీసినవ్. చీరె డిజైన్ గడుల కాయితం మీద సగమే గీస్తం. తలకిందులు తిప్పితే మిగిలిన సగం అదే దిగుతది. గిదీ గంతే. పై ఎడమ మూల చూడు, కింద కుడికి గదే రావాలె."

పెన్సిలు, స్కేలు తీస్కున్నడు. నాలిక పండ్ల నడుమ పెట్టుకొని నలుపు గడులు లెక్కవెట్టి ఆ మూల మళ్ల గీసిండు. నేను మాట వేసి చూసిన. ఎనిమిది అక్షరాలు ఎనిమిది గడులల్ల చక్కగ కూసున్నయ్! "ఇంగ్లిష్ రాకుంటేంది, నలుపు తెలుపు తెల్వదా నాకు?" అని ఒర్రిండు. మళ్ల నాలుగిండ్లకు వినవడ్డది. నా పాణం లేచొచ్చింది. అంతల్నే యాదికొచ్చింది, అయ్యో, గడి నిండితే పోతడు గదా!

తెల్లారేసరికి ఒక్క మాటే మిగిలింది. చర్చి పూజారి, ఐదు గడులు. వికార్ అని చూడంగనే తెల్సింది.

"వచ్చిందా?"

"రాలే బాపూ."

మంగళారం పోయింది. అయినా రాలేదనే చెప్పిన. అమ్మ చెవిల అసలు సంగతి వేస్తే "ఏడాది దాక రాకుండ చూడు" అన్నది.

బుధారం బాపు కాయితం ముందటేసుకొని ఆ మాటల ఇంక నిండని తెల్ల గడులు చూసిండు, నా మొఖం చూసిండు. "బిడ్డా, నేసేటోడు ఆఖరి జానెడు కాడ చెయ్యి ఆపితే, నేత రాక కాదు."

నేను తల వంచుకున్న. బాపు లేచి సంచి కాడికి పోయిండు. సంచిలకెళ్లి లుంగీలు తీసి దండెం మీద వేసిండు. గోలీలు అల్మారల పెట్టిండు. పెన్సిలు మొన చూసుకుంట నా పక్కకొచ్చి కూసున్నడు.

"ఆ రద్దీల చిరిగిన పేజీలు ఇంకేమన్న ఉన్నయా?"