నింపిన పన్ను, నా మొహమాటం

తణుకులో కొన్న చేగోడీ కొరుకుతుంటే నా కుడి దవడ పన్ను ఒక మూల విరిగిపోయింది. అరవై దాటాక చేగోడీల మీద ఆశేమిటని తిట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు. మా ఆవిడ పోయి అప్పటికి ఏడాదిన్నర. తిట్టే మనిషి లేని ఇంట్లో పన్ను విరగ్గొట్టుకున్నా ఎవరికీ పట్టదు.

పీకించేసుకుందామనే వెళ్లాను. పళ్ల డాక్టరు చిన్నపిల్ల. కిందటేడే మా వీధి చివర క్లినిక్ పెట్టింది.

"పీకడమెందుకండీ? వేరు గట్టిగా ఉంది. ఉన్న పన్నుని ఉన్నట్టే ఉంచి, పోయినంత మేరే నింపుదామండి" అంది.

క్యాప్ వేయాలంటే చుట్టూ బాగున్న పన్నుని కూడా అరగదీయాలట. ల్యాబులో ముక్క చేయించి పైన అతికించే పద్ధతీ ఉందిగానీ, నా పన్నుకి అంత అవసరం లేదట. పన్ను రంగు ఫిల్లింగ్ చాలంది. మిగిలినదాన్ని వీలైనంత కాపాడాలన్న ఆ పిల్ల పట్టుదల నాకు నచ్చింది.

మత్తు ఇచ్చి, పాడైనంత మేర తొలిచి, పొరలు పొరలుగా నింపి, లైటు పెట్టి గట్టిపరిచింది. తర్వాత పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి కొరకమంది.

"ఎత్తుగా ఏమైనా తగులుతోందా అండి? ఉంటే చెప్పేయండి. నమిలినప్పుడల్లా దెబ్బంతా దాని మీదే పడుతుంది. మిగిలిన పన్ను కూడా చీలిందంటే ఇంక పీకడమేనండి."

తగులుతోంది. మత్తులో కూడా తెలుస్తోంది. కానీ పాపం, గంటసేపు నడుం వంచి చేసింది. బయట నలుగురు ఎదురుచూస్తున్నారు.

"లేదండి, చక్కగా ఉందండి" అన్నాను.

ఇది మా గోదావరి వాళ్ల జబ్బు. ఉప్పు కషాయంలాంటి కూర మారు వడ్డించినా "బావుందండి" అని తినేస్తాం. పైకి అలా అంటానేగానీ, లోపల నేను తిట్టుకోని మనిషి లేడు. ఆ తిట్లని మర్యాదైన మాటల్లో పెట్టి అవతలివాళ్లకి చెప్పే పని మా ఆవిడది. చొక్కా బిగుతుగా ఉందని టైలరుకి ఆవిడ చెబుతుంటే, పక్కన నిలబడి "పర్లేదండి, పర్లేదండి" అనేవాణ్ణి.

పది రోజులు ఎడమవైపే నమిలాను. పళ్లు మూసినప్పుడల్లా ఆ పన్నే ముందు తగిలేది. మధ్యలో క్లినిక్ నుంచి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగారు. "బ్రహ్మాండంగా ఉందండి" అన్నాను. ఆ రోజు మొత్తానికి నేను మాట్లాడిన మాట అదొక్కటే. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది, ఏడుపూ వచ్చింది.

పదకొండో రోజు మంచినీళ్లు తాగితే పన్ను జివ్వుమంది. ఇది కూడా పోతుందేమోనని నిజంగా భయపడ్డాను. చెప్పాల్సిన మాట దారి పొడుగునా లోపల అనుకుంటూ క్లినిక్‌కి వెళ్లాను.

"ఎలా ఉందండి?" అంది డాక్టరు.

"బావుందండి."

"మరి ఎందుకొచ్చారండి?"

దవడ మీద వేలు పెట్టి చూపించాను. "ఎత్తుగా ఉందండి. ఆ రోజే తగిలింది. చెప్పలేకపోయాను. పది రోజులుగా ఎడమవైపే నములుతున్నానండి."

ఆ పిల్ల నవ్వేసింది. నీలం కాగితం పెట్టింది, అరగదీసింది, మళ్లీ కొరకమంది. రెండు నిమిషాల పని. పళ్లు పైవీ కిందవీ హాయిగా కలిశాయి. పన్ను చీలలేదని, నిలబడుతుందని చెప్పింది.

"పది రోజులు ఇలా ఒక్కవైపే తింటుంటే, మీ ఇంట్లో ఆవిడైనా వెళ్లి చూపించుకోమనలేదా అండి?"

నిజం చెబితే ఆ పిల్ల నొచ్చుకుంటుంది. అడిగినందుకు సారీ చెబుతుంది.

"రోజూ పోరిందండి. నేనే వినలేదు."

"అయితే ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి. మీ మాట నేను నమ్మను."

"అలాగేనండి" అన్నాను.