పెదనాన్న సూది

మా పుంగనూరు పెదనాన్నకు చక్కెర జబ్బు. పెళ్లికి వెళ్తే భోజనానికి ముందే ఇన్సులిన్ సూది వేసుకుని, "సూది ఏసుకోనుండాను, ఇంగ లడ్లు రానీప్పా!" అనేవాడు. ఆయన లెక్కలో ఇన్సులిన్ అంటే లడ్డూకు టికెట్టు.

ఎనభైల్లో కుప్పంలో మా అక్క పెళ్లి. ఆయన సూది వేసుకుని విస్తరి ముందు కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే కాఫీ చల్లారిపోయిందని మగపెళ్లివారు అలిగారు. వడ్డన గంటకు పైగా ఆగింది. ఇన్సులిన్‌కు వియ్యాలవారి అలకలు తెలియవు కదా, దాని పని అది చేసుకుపోయి రక్తంలో ఉన్న కాస్త చక్కెరనూ దించేసింది. పెదనాన్న చెమటలు కక్కుతూ, వణికిపోతూ, మాట రాక కళ్లు పెద్దవి చేసి లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనకు కోపమొచ్చిండాది, కూకోండప్పా!" అంటూ మగపెళ్లివారు గబగబా విస్తళ్ల ముందు చేరారు. పెద్దమ్మ మాత్రం పరుగున వచ్చి ఆయన నోట్లో బెల్లం కుక్కి, "కోపమా పాడా! ఇంగ కాసేపైతే మనిషే పోయుండును" అని ఏడ్చింది.

ఆయన ఆకలితో లేచి నిలబడితే ఎంతటి అలకైనా తీరుతుందన్న సంగతి మాత్రం మా బంధువులకు బాగానే అర్థమైంది. తర్వాత ఏ ఇంట్లో తగాదా వచ్చినా ఆయనకే కబురు: "సూది ఏసుకోని రాన్నా, అన్నం ఈడే తిందువు." పంచాయితీ తేలేదాకా విస్తరి మాత్రం వేసేవారు కాదు.