గచ్చు కింద మన్ను

మా పెద్దమ్మ వెంకటరత్నమ్మ జీవితంలో కోరుకున్నది ఒక్కటే. సొంత గదిలో తలుపు గడియ వేసుకుని పడుకోవాలి. నగలు అడగలేదు, తీర్థయాత్రలు అడగలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె ఊరివాళ్ల పొలాల్లోనే పడుకుంది మరి. కొమరోలు నుంచి బేస్తవారిపేటకు కోడలుగా వచ్చి, పెదనాయన రామసుబ్బయ్యతోపాటు గొర్రెల వెంట నడిచింది. ఎవరి చేలో మంద కడితే వీళ్ల మకాం అక్కడే. గొర్రెల ఎరువు రైతుకు, గోనెపట్టా మీద నిద్ర వీళ్లకు. ఏ అలికిడి విన్నా లేచి కూర్చోవలసిందే. "తలుపుండే చోట ఒక్కనాడన్నా ఒళ్లు మరిచి పండుకోవాల రమణీ" అనేది నాతో.

వయసు మీదపడ్డాక ఉబ్బసం పట్టుకుంది. పొడి నేల మీదైతే ఫరవాలేదు. చెమ్మ తగిలిందా, రొమ్ములో పిల్లికూతలే.

ఆమె కొడుకు కోటి కొన్ని గొర్రెలమ్మి, ఊరి బయట పల్లపు స్థలంలో ఇల్లు మొదలుపెట్టాడు. పునాది గోడలు లేచాక వాటి మధ్య మన్ను నింపించాడు. దగ్గర్లో దొరికిందని వాగు పక్కనుంచి ఉప్పు తేలే చౌటిమన్ను తోలించాడు. పెద్దమ్మ గుప్పెడు తీసి నలిపి చూసి మొహం చిట్లించింది. ఆ సాయంత్రం తన గది రావలసిన చోట ఓ బేసిన్ బోర్లించి వచ్చింది. తెల్లారి దాన్ని ఎత్తి అందరికీ చూపించింది. లోపలంతా నీటిబొట్లు.

"వాన లేదు, చుక్క లేదు. ఈ నీళ్లు యాడనుంచి వచ్చినాయి స్టీఫెనూ?"

మేస్త్రి స్టీఫెన్ ఉన్నమాటే చెప్పాడు. "కింద నుంచే పెద్దమ్మా. ఈ మన్ను కొంత తోడేసి, పలకల గనుల కాడ పారబోసే రాతిపెంకులు పరిచి, మీద ఇసక, ఇసక మీద మందం ప్లాస్టిక్ పట్టా వేసి కాంక్రీటు పోస్తే చెమ్మ రాదు, చలీ తగ్గుతాది. పెంకులు ఊరికే ఇస్తారు. పని మాత్రం వెనకబడుతాది."

వెనకబడటమే కుదరదన్నారు. మూఢం వచ్చేలోపు మిగిలిన ఆఖరి ముహూర్తానికి గృహప్రవేశం పెట్టుకున్నారు. మార్కాపురం నుంచి కోటి మామగారు వస్తాడు. ఆయనకు ఇంటి ముందు ఎలివేషన్ చూపించాలి. రెండు స్తంభాలు, వాటి మీద కమాను, కమాను మీద సిమెంటు నెమలి. ఆ నెమలి తోకకు మాత్రం టైము దొరికింది!

"గచ్చు కింద ఏముందో ఎవురు చూస్తారమ్మా?" అన్నాడు కోటి.

"దాని మీద పండుకునేది నేను గదరా."

పెదనాయన గొంతు సవరించుకున్నాడు. "ఇన్నాళ్లు చేలల్లో పండుకున్నదానివి, ఇప్పుడు నేల పడటంలేదా నీకు? కిటికీ పెట్టిస్తాండాం గదా. ఊపిరాడకుంటే తెరుచుకో."

నాకు ఒళ్లు మండిపోయింది. గొర్రెపిల్లలకు చెమ్మ తగులుతుందని, పడుకున్న పెళ్లాన్ని లేపి మరీ మందను పొడి చేలోకి మార్పించిన మనిషి ఈయనే. ఆ మాటే మొహం మీద అడిగాను. "గిద్దలూరు నుంచి ఎండనబడి వచ్చినావు, అన్నం తినిపో తల్లీ" అన్నాడు.

కాంక్రీటు పోసేరోజు పెద్దమ్మ వచ్చింది. ఓ పక్కన కూర్చుని చూసింది. పని కాగానే కూలీలందరికీ మజ్జిగ ఇచ్చింది. అలా ఇచ్చినందుకు నాకు ఆమె మీద కూడా కోపమొచ్చింది.

పాలు పొంగాయి. చుట్టాలు నెమలి కింద నిలబడి ఫొటోలు దిగారు. ఆ వేసవి పెద్దమ్మకు బాగానే గడిచింది. "ఎంత నిద్ర రమణీ! కోడి కూసింది గూడా వినపడలా" అని ఫోన్లో చెప్పి పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వగా నేను అంతకుముందు వినలేదు.

దసరా దాటాక వానలు పట్టుకున్నాయి. గది టైల్స్‌కు చెమట పట్టింది, పరుపు అడుగున బూజు లేచింది, పిల్లికూతలు మొదలయ్యాయి. కిటికీ తెరిచినా లాభం లేకపోయింది. చివరికి గోనెపట్టా చంకన పెట్టుకుని ఇంటి వెనక మెరక మీదున్న గొర్రెల కొట్టంలోకి పోయింది. అక్కడ నేల పొడిగా ఉంటుంది గానీ, తలుపు లేదు. కొన్నాళ్లకు తనే వస్తుందిలే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. చలికాలమంతా ఆమె అక్కడే పడుకుంది.

ఆ తర్వాత గోడలకు పొక్కులొచ్చాయి. ముందు హాల్లో, సోఫా వెనక, రంగు పొరలు పొరలుగా రాలింది. కోటి మామగారు వేలితో గీకి, "ఇదేంది అల్లుడూ, కొత్త ఇల్లు గదా" అన్నాడట. అప్పటికప్పుడు స్టీఫెన్‌కు ఫోన్ పోయింది. అన్ని గదుల్లో గచ్చు పగలగొట్టారు, మన్ను తోడారు, పెంకులు, ఇసక, పట్టా, అన్నీ పడ్డాయి. ముహూర్తం ఎవరూ చూడలేదు.

పని ముగిసిందని తెలిసి వెళ్లాను. పెదనాయన కొట్టం ముందు నిలబడి పెద్దమ్మను పిలుస్తున్నాడు.

"ఇంక రాయే లోపలికి. నువ్వు చెప్పినట్టే చేయించినాం గదా."

"నేను చెప్పినందుకు చేయించినారా?" అంది పెద్దమ్మ. "నాకు ఊపిరాడకుంటే కిటికీ తెరుచుకోమన్నావు. గోడకు పొక్కులొస్తే ఇల్లంతా తవ్వించినావు. పో, ఆ గోడల్నే చూసుకుంటా పండుకో."

పెద్దమ్మ రాలేదు. బాగా బుద్ధి చెప్పిందని మా అమ్మ మురిసిపోయింది గానీ, నాకైతే ఏడుపొచ్చింది. తలుపు లేని చోట పడుకుంటున్నది ఆమే కదా.

మళ్లీ నేను పోయేసరికి కూడా పెద్దమ్మ కొట్టంలోనే ఉంది. కోటి ఉత్సాహంగా ఆమె గది తెరిచి చూపించాడు. గొర్రెల దాణా బస్తాలు గోడల పొడవునా పేర్చి ఉన్నాయి.

"చూడు రమణీ, అంత వాన పడినా ఒక్క బస్తాకు చెమ్మ తగల్లేదు" అన్నాడు.