రిపోర్ట్ చేసినవారు: ఆ ఒక్క వరుస

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా తోటికోడలు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చూసుకునే ఒక ఆఫీసులో కంప్యూటర్లు ఆమె చేతిలో ఉండేవి. ఆదివారం ఆరాధన ముగించుకుని మండపేటలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే అంది:

“అక్కా, మీరు బాగుందన్న మార్పు మా రొయ్యలకి ఊపిరాడనివ్వట్లేదండి!”

కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే కెర్నల్‌లో ఎవరైనా మార్పు రాసి పంపితే, చదివి తప్పొప్పులు చెప్పడం నా పని. బడి మెట్లు ఎక్కని నాకు ఇంట్లోనే అక్షరాల నుంచి కోడ్ దాకా నేర్పిన నాన్నగారిని ఇచ్చినందుకు దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. ఆ మార్పు ఉద్దేశం మంచిదే. ప్రోగ్రాములను గుంపులుగా విడదీసి, ఒక్కో కనెక్షన్‌కు తెరుచుకునే నెట్‌వర్క్ సాకెట్లకు ఏ గుంపు ఎంత మెమరీ వాడుకోవచ్చో హద్దు పెట్టడం. ఒకరి ఆత్రానికి ఇంకొకరు పస్తుండకూడదని.

“హద్దు మరీ తక్కువ పెట్టుంటావులే,” అన్నాను.

“పెంచానండి. రెండ్రోజులకి మళ్లీ నిండిపోయింది. చెరువుల్లోని ఆక్సిజన్ మీటర్ల నుంచి ఒక్క అంకె రావట్లేదు. మేనేజరుగారేమో నాకు చేతకాదని అందరి ముందూ అనేశారు.”

నా ల్యాప్‌టాప్‌లోనే అలా నిండేలా చేసి చూపించింది. కనెక్షన్ మధ్యలో తెగితే సాకెట్ పోతుంది గానీ, అది తీసుకున్న మెమరీ గుంపు లెక్కలోంచి తగ్గదు. ఖాళీ గుంపు నిండినట్టు కనిపించి, కొత్త కనెక్షన్లు ఆగిపోతాయి. నాకు ఒళ్లు మండింది, ముందు నా మీదే. మెయిల్‌లో కొత్తగా చేర్చినవీ తీసేసినవీ అని ప్లస్, మైనస్ గుర్తులతో వచ్చిన వరుసలు మాత్రమే చదివి బాగుందన్నాను. ఆ కిందే, మార్పు తాకని చోట ఉంది ఈ తప్పు. ఆ వరుసలున్న కోడ్ భాగాన్ని, అంటే ఫంక్షన్ మొత్తాన్ని, తెరిచి చూడలేదు.

దిద్దుబాటు రాసి, “రిపోర్ట్ చేసినవారు” అన్న వరుసలో ఆమె పేరు పెట్టి పంపాను. అది చూపిస్తే మేనేజరు నోరు మూతపడుతుందని ఇద్దరం అనుకున్నాం. కెర్నల్‌లో ఆ విభాగం చూసే పెద్దమనిషి దిద్దుబాటు తీసుకున్నాడు, ఆ వరుస తీసేశాడు. రిపోర్టు అందరికీ కనిపించే మెయిల్‌లో వచ్చినట్టు చూపే లింకు లేదట! మా వంటింటి బల్ల దగ్గర చెప్పిన మాటకు లింకు ఎక్కడి నుంచి తేను? పైగా “బాగా పట్టుకున్నారు” అని నన్ను మెచ్చుకున్నాడు. మళ్లీ రాశాను. ఒకసారి చేరిన రికార్డు ఇక మార్చరట.

మేనేజరు అది చూసి, “మీ అక్కగారు పట్టుకున్నారన్నమాట. మరి నువ్వేం చేశావమ్మా?” అన్నాడట. కంప్యూటర్లు తప్పించి, ఆమెను మేత బస్తాలు దింపించే పనికి పంపారు.

“పోనీలెండక్కా, మీటర్లు పనిచేస్తున్నాయిగా,” అంది ఫోన్‌లో.

నాకు పోనివ్వాలని లేదు. ప్రార్థనలో కూర్చున్నా క్షమించాలన్న మాట గొంతు దాటి రావడం లేదు. చదవకుండా వదిలేసింది నేను, చూసి చెప్పింది ఆమె. మెప్పు నాకు, నింద ఆమెకు.

ఇక్కడ పేరు రాస్తే అదే ఆఫీసులో ఆమె ఇంకో మాట పడాలి, అందుకే రాయడం లేదు. చదివిన మీరైనా, ఆ తప్పు కనిపెట్టింది మా తోటికోడలని గుర్తుపెట్టుకోండి.