అమ్మ అడిగిన సంపెంగ

మా నాన్న కొత్తవలస దగ్గర, కొండవాలును మెట్లుగా చెక్కి వేసిన మొక్కల తోటలో మాలీ. అక్కడి సంపెంగ చెట్టు ఆయన కావిడితో నీళ్లు మోసి పెంచిందే. అయినా అమ్మ ఒక్క పువ్వు అడిగితే, "ఏటే, అది జనాల తోట. నీకెలాగ కోసిత్తాను?" అనేవారు. జబ్బుతో మంచం పట్టి అడిగినా తేలేదు. ఆ వేసవిలోనే అమ్మ పోయింది.

అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తోటను ఊడ్చేసింది. మర్నాడు నాన్న వెంట వెళ్లాను. సంపెంగ వేళ్లతో సహా పడి ఉంది. ఆకు మిగలని కొమ్మల్లో నాన్న మధ్యాహ్నం దాకా వెతికి, నలిగిన మొగ్గ ఒకటి తుంచారు. దాన్ని అమ్మ సమాధి మీద పెట్టి, "కోసీసినానే. సెట్టు పడిపోనాది" అన్నారు.

నాన్న నిజాయితీని ఊళ్లో ఇప్పటికీ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను.